ఫైరింజన్‌కూ అంబులెన్స్‌కూ నడుమ పోయే నిమిషాలు

అగ్నిమాపక, అంబులెన్స్ సేవలు మెరుగుపడాలన్న చర్చ వచ్చిన ప్రతిసారీ మాట బండ్ల సంఖ్య మీదికే పోతుంది. ఫైరింజన్లు ఎన్ని ఉన్నాయి, అంబులెన్సులు ఇంకెన్ని కొనాలి, కొత్త కేంద్రం ఎక్కడ తెరవాలి అన్నవే ప్రశ్నలవుతాయి. అవి అనవసరమని నేను అనను. అయితే పెద్ద ప్రమాదాల మీద వెలువడిన విచారణ నివేదికలను కొన్నేళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను కనుక, నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. రోడ్డు మీద పోయే కాలం కంటే, పని ఒక శాఖ నుంచి మరో శాఖకు చేతులు మారే చోట పోయే కాలం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. ఎందుకంటే అందులో చాలా భాగాన్ని పెద్ద ఖర్చేమీ లేకుండా, రెండు శాఖలవారూ ముందుగా కూర్చుని మాట్లాడుకుని తిరిగి దక్కించుకోవచ్చు.

ఈ పనిలో ఒక్క నిమిషం విలువ ఎంతో ముందు చెప్పుకోవాలి. గుండె హఠాత్తుగా ఆగిపోయిన మనిషికి ఛాతీని లయబద్ధంగా నొక్కుతూ చేసే సీపీఆర్ గానీ, డీఫిబ్రిలేటర్‌తో ఇచ్చే షాక్ గానీ అందకపోతే, బతికే అవకాశం నిమిషానికి సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. ఫోము, ప్లాస్టిక్ సామగ్రితో నిండిన నేటి గదిలో మంట పుట్టిన నాలుగైదు నిమిషాలకే గది మొత్తం ఒక్కసారిగా అంటుకునే స్థితి రావచ్చు. అందుకే అమెరికాలోని పూర్తికాలపు అగ్నిమాపక దళాల కోసం అక్కడి జాతీయ అగ్నిరక్షణ సంఘం రూపొందించిన ఎన్‌ఎఫ్‌పీఏ 1710 ప్రమాణం, కబురు అందిన సిబ్బంది తయారై బండి కదిలించడానికి అగ్నిప్రమాదమైతే 80 సెకన్లు, వైద్య సహాయమైతే 60 సెకన్లు, తొలి బండి ప్రయాణానికి 240 సెకన్లు అని లక్ష్యాలు పెట్టింది. ఇంత పట్టుగా లెక్క కట్టిన సెకన్లు మొదలయ్యేలోపే, ఫోన్ ఎత్తినవారు చిరునామా పోల్చుకోలేక, ఇది ఏ శాఖ పనో తేల్చుకోలేక, కాల్‌ను ఇంకొకరికి మళ్లిస్తే, అక్కడివారు అవే ప్రశ్నలు మొదటి నుంచీ అడిగితే, కేంద్రంలో సిబ్బంది ఎంత చురుగ్గా పరుగెత్తినా ఆ నష్టం పూడదు.

అత్యవసర సహాయానికి ఒకే నంబరు ఉండాలన్న ఆలోచన పాతదే. లండన్‌లో 999 సేవ 1937లో మొదలైంది. అమెరికాలో తొలి 911 కాల్ 1968లో అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ పట్టణంలో జరిగింది. హైదరాబాదులో 108 సేవ 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది. కానీ నంబరు ఒకటైనంత మాత్రాన దాని వెనుక ఉన్న వ్యవస్థ ఒకటైపోదు. చాలా చోట్ల ఒకే నంబరుకు వచ్చిన కాల్ లోపలికి వెళ్లాక మళ్లీ వేర్వేరు కంట్రోల్ రూంలకు చీలిపోతుంది. ఒక చోట తెరమీద నమోదైన వివరాలు రెండో చోట తెరమీద కనిపించవు. ఫోన్ చేసినవారు ఒక్కసారి చెప్పిన చిరునామా, ప్రమాద స్వభావం, లోపల ఎందరు చిక్కుకున్నారన్న సమాచారం రెండు శాఖలకూ అదే క్షణంలో కనిపించాలన్నది నా దృష్టిలో మొట్టమొదటి సంస్కరణ. అందుకు కంప్యూటర్లు కావాలి కానీ కంప్యూటర్లే చాలవు. లండన్ అంబులెన్స్ సర్వీసు 1992 అక్టోబరు 26న తగినంత పరీక్షించకుండా ఏ కాల్‌కు ఏ బండిని పంపాలో కంప్యూటరే తేల్చే కొత్త డిస్పాచ్ వ్యవస్థను అమలులో పెట్టింది. ఏ బండి ఎక్కడ ఉందో వ్యవస్థకు సరిగ్గా తెలియక, ఒకే చోటికి రెండు బండ్లు వెళ్లడం, కొన్ని కాల్స్ మరుగున పడిపోవడం జరిగాయి. దాంతో సిబ్బంది కొద్ది రోజుల్లోనే తిరిగి కాగితాల పద్ధతికి మళ్లవలసి వచ్చింది.

సమన్వయం అంటే ఏమిటో నాకు అన్నిటికంటే స్పష్టంగా తెలిపినది బ్రిటన్‌లోని మాంచెస్టర్ నగరంలో జరిగిన ఉదంతం. 2017 మే 22 రాత్రి పదిన్నర సమయంలో అక్కడి ఎరీనాలో సంగీత కచేరీ ముగిసి జనం బయటికి వస్తుండగా బాంబు పేలి 22 మంది బాధితులు మరణించారు. అగ్నిమాపక కేంద్రం ఒకటి ఆ భవనానికి అర మైలు దూరంలోనే ఉంది. గాయపడినవారిని మోయడానికి స్ట్రెచర్లు, ప్రథమ చికిత్సలో శిక్షణ, శిథిలాల్లో పనిచేసిన అనుభవం ఉన్న సిబ్బంది ఆ దళంలో ఉన్నారు. అయినా తొలి అగ్నిమాపక సిబ్బంది అక్కడికి చేరేసరికి పేలుడు జరిగి రెండు గంటలు దాటింది. సాయుధుడు ఇంకా తిరుగుతున్నాడేమోనన్న అనుమానంతో, డ్యూటీలో ఉన్న అధికారి తన సిబ్బందిని సుమారు మూడు మైళ్ల దూరంలోని మరో కేంద్రానికి పంపారు. పోలీసులతో మాట్లాడదామంటే లైను కలవలేదు. ఒక్కో శాఖ తాను కలుసుకునే చోటును తానే ఎంచుకుంది తప్ప, అందరికీ కలిపి ఒక చోటు ఏర్పడలేదు. ఈలోగా లోపల క్షతగాత్రులను బారికేడ్ల మీద, ప్రకటనల బోర్డుల మీద మోసుకుపోవలసి వచ్చింది. మొదటి నలభై నిమిషాలు పేలుడు జరిగిన చోట ఉన్నది ఒకే ఒక్క పారామెడిక్, అంటే అంబులెన్స్ సేవ తరఫున అత్యవసర చికిత్స చేసే ఉద్యోగి. సకాలంలో తగిన చికిత్స అంది ఉంటే మృతుల్లో ఒకరు బహుశా బతికి ఉండేవారని 2022లో వెలువడిన విచారణ నివేదిక తేల్చింది.

ఇందులో నన్ను కలవరపెట్టే విషయం వేరే ఉంది. ఇలాంటి పరిస్థితి కోసమే బ్రిటన్‌లో 2012లో జేసిప్ అనే ఉమ్మడి కార్యక్రమం మొదలైంది. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ అధికారులు ఒకే చోట చేరడం, తేటగా మాట్లాడుకోవడం, పనిని పంచుకుని సమన్వయించుకోవడం, ప్రమాద తీవ్రతను కలిసి అంచనా వేయడం, పరిస్థితి గురించి అందరికీ ఒకే అవగాహన ఉండడం అనే ఐదు సూత్రాలు అప్పటికే రాసి ఉన్నాయి. ప్రమాద స్థలం నుంచి తొలి సమాచారం పంపే తీరు కూడా నిర్ణయమై ఉంది: ఇది భారీ ప్రమాదమా, సరిగ్గా ఎక్కడ, ఏ రకం, ఇంకా పొంచి ఉన్న అపాయాలేమిటి, ఏ దారిన రావాలి, ఎందరు గాయపడ్డారు, ఏయే సేవలు వచ్చాయి, ఇంకా ఎవరు కావాలి. అన్నీ ఉన్నాయి, ఆ రాత్రి అవి ఆచరణలోకి రాలేదు. ఒత్తిడిలో మనిషి తాను చదివినదాన్ని కాక తనకు అలవాటైనదాన్ని చేస్తాడు. కాబట్టి రెండు శాఖల సిబ్బంది కలిసి తరచుగా అభ్యాసం చేయని చోట ఎంత మంచి ఒప్పంద పత్రమైనా అక్కరకు రాదని నేను నమ్ముతున్నాను.

మాటల విషయం కూడా చిన్నది కాదు. 1970 శరదృతువులో కాలిఫోర్నియాలో చెలరేగిన కార్చిచ్చులు పదమూడు రోజుల్లో 16 మందిని బలిగొని, ఏడు వందలకు పైగా కట్టడాలను బూడిద చేశాయి. వాటితో పోరాడిన సంస్థలు ఎన్నో ఉన్నా, ఒకరి రేడియో మరొకరికి అందలేదు, ఒకే సామగ్రిని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలిచేవారు, ఎవరి మాట ఎవరు వినాలో తెలియలేదు. ఆ అనుభవం నుంచి పుట్టినదే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టం. సంఘటన స్థలంలో ఆజ్ఞ ఎవరిదో స్పష్టంగా ఉండాలి, ఒక్కో అధికారి కింద ముగ్గురి నుంచి ఏడుగురి వరకే ఉండాలి, సంకేత పదాలు విడిచి అందరికీ అర్థమయ్యే మామూలు మాటలే వాడాలి అన్నవి అందులో ముఖ్యమైన నియమాలు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో, ఉగ్రదాడికి గురైన వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లలో ఒకటి కూలాక, రెండో టవరు కూడా నిలిచేలా లేదని పోలీసు హెలికాప్టర్ల నుంచి గమనించి తమ రేడియోలో హెచ్చరించారు. ఆ హెచ్చరిక లోపల ఉన్న అగ్నిమాపక సిబ్బందికి నేరుగా చేరే ఏర్పాటు లేదు. ఆ రోజు అగ్నిమాపక దళం 343 మందిని కోల్పోయింది. అందరూ ఆ ఒక్క కారణంతోనే పోలేదు, కానీ ఒక శాఖకు తెలిసిన ప్రాణాంతకమైన విషయం పక్క శాఖకు తెలియకపోవడం ఎంత ఘోరమో చెప్పడానికి అంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఇవన్నీ మహా విపత్తులు కదా, రోజూ జరిగే చిన్న ప్రమాదాలకు వీటితో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. కానీ లోపం రోజువారీ పనిలోనే మొదలవుతుంది. ముందు వచ్చిన ఫైరింజన్ నీటి గొట్టాలను రోడ్డుకు అడ్డంగా పరిస్తే అంబులెన్స్ తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. అంబులెన్స్ ముందు వచ్చి ఇంటి గుమ్మం ఎదుట ఆగితే నిచ్చెన బండికి చోటుండదు. ఎవరు ఎక్కడ నిలపాలో, వెళ్లే దారి ఎటువైపు తెరిచి ఉంచాలో ముందే అనుకుంటే ఈ చిక్కు రాదు. రోడ్డు ప్రమాదంలో ఫైరింజన్‌ను ఏటవాలుగా అడ్డం పెట్టి, వెనుక నుంచి వచ్చే వాహనాల నుంచి వైద్య సిబ్బందిని కాపాడడం చాలా దేశాల్లో అలవాటుగా మారింది. నుజ్జయిన కారులో ఇరుక్కున్నవారిని బయటికి తీసేటప్పుడైతే రెండు శాఖల పనీ నిజానికి ఒకటే. హైడ్రాలిక్ కట్టర్ పట్టుకున్నవారికి రోగి పరిస్థితి తెలియాలి. రోగి మెడ పట్టుకుని కూర్చున్నవారికి ఏ భాగాన్ని ఎప్పుడు కోస్తారో తెలియాలి. పైకప్పు మొత్తం తీసి మెల్లగా తేవాలా, ఊపిరి ఆగిపోతోంది కనుక ఉన్నపళంగా లాగేయాలా అన్న నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవలసినది.

అంబులెన్స్ అవసరం బాధితులకే కాదు, మంట ఆర్పేవారికీ ఉంటుంది. అమెరికాలో విధి నిర్వహణలో మరణించే అగ్నిమాపక సిబ్బంది విషయంలో దశాబ్దాలుగా అన్నిటికంటే పెద్ద కారణంగా నమోదవుతున్నది కాలిన గాయాలు కాదు, హఠాత్తుగా గుండె ఆగిపోవడం. బరువైన దుస్తులు, విపరీతమైన వేడి, శరీరంలో నీరు తగ్గిపోవడం ఇందుకు తోడవుతాయి. పెద్ద మంటల దగ్గర ఒక అంబులెన్స్ బృందం దళం కోసమే నిలబడి, లోపలి నుంచి వచ్చినవారికి నీళ్లిచ్చి, నాడి, రక్తపోటు చూసి, విశ్రాంతి లేనిదే తిరిగి పంపకుండా ఉండడం తప్పనిసరి కావాలి.

రెండు సేవలనూ ఒకటిగా ఆలోచిస్తే ఏం సాధ్యమో సియాటెల్ నగరం చూపింది. 1970లో అక్కడి అగ్నిమాపక దళం ఆసుపత్రి వైద్యులతో కలిసి మెడిక్ వన్ సేవను మొదలుపెట్టింది. అగ్నిమాపక కేంద్రాలు ఊరంతా పరుచుకుని ఉంటాయి కనుక, గుండె ఆగిందన్న కబురు రాగానే దగ్గరి ఫైరింజన్‌లోని శిక్షణ పొందిన సిబ్బంది ముందుగా చేరి సీపీఆర్ మొదలుపెడతారు, వెనువెంటనే పారామెడిక్‌లు వస్తారు. ఆ ప్రాంతంలో గుండె ఆగిన తర్వాత కోలుకునేవారి నిష్పత్తి ఎంతో మెరుగ్గా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. శాఖలను విలీనం చేయాలని నేను వాదించడం లేదు. దగ్గర ఉన్నవారు ముందు వెళ్లాలి, వెళ్లినవారికి ప్రాణం నిలపగల ప్రాథమిక విద్య తెలిసి ఉండాలి అన్నదే నా మాట.

ఇక కొలమానం. తప్పుగా కొలిస్తే మంచి సిబ్బంది కూడా తప్పు పనికి అలవాటు పడతారు. ఇంగ్లండులో చాలా ఏళ్లు అత్యవసర కాల్స్‌లో 75 శాతానికి ఎనిమిది నిమిషాల్లో చేరాలన్న లక్ష్యం ఉండేది. ఆ గడియారాన్ని ఆపడం కోసం ఒకే రోగి దగ్గరికి రెండు మూడు బండ్లు పంపడం, రోగిని తీసుకుపోలేని మోటారు సైకిలునో కారునో ముందు చేర్చడం మామూలైంది. రోగిని ఆసుపత్రికి తరలించగల అంబులెన్స్ ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా లక్ష్యం మాత్రం నెరవేరినట్టే. 2017లో ఆ విధానాన్ని మార్చి, ప్రాణాపాయం లేని కాల్స్ విషయంలో సరైన నిర్ణయం తీసుకోవడానికి ఫోన్ ఎత్తినవారికి మరికొంత వ్యవధి ఇచ్చారు. రెండు శాఖలూ తమ తమ సగటులను విడివిడిగా ప్రకటించుకోవడం కంటే, ఫోన్ మోగిన క్షణం నుంచి రోగి ఆసుపత్రి మంచం చేరే క్షణం వరకు మొత్తం కాలాన్ని ఒకే లెక్కగా చూడడం మేలు. అప్పుడే ఆసుపత్రి వాకిట్లో జరిగే ఆలస్యం కూడా బయటపడుతుంది. మంచం ఖాళీ లేక రోగి అంబులెన్స్‌లోనే ఎదురుచూస్తున్నంతసేపూ, ఆ బండి మరో కాల్‌కు లేనట్టే. రోగిని అప్పగించడానికి ఇంగ్లండులో నిర్దేశించుకున్న గడువు 15 నిమిషాలు. అది తరచూ దాటిపోతోంది.

చిన్న పట్టణంలోనైనా రేపే మొదలుపెట్టదగిన పనులు ఉన్నాయి. రెండు శాఖల షిఫ్టు అధికారులు నెలకొకసారి ఒకే గదిలో కూర్చుని, గత నెలలో ఇద్దరూ వెళ్లిన కాల్స్‌లో ఒకటి రెండింటిని ఎంచుకుని, కాల్ రికార్డింగు, వైర్‌లెస్ సంభాషణల సమయాలు ఎదురుగా పెట్టుకుని, ఎవరు ఎప్పుడు ఏం తెలుసుకున్నారో వరుసగా రాసుకోవాలి. ఆ సమావేశంలో బయటపడిన విషయం శిక్షకు ఆధారం కాకూడదన్న హామీ ఉంటేనే సిబ్బంది నిజం చెబుతారు. కంట్రోల్ రూంలో పనిచేసేవారు ఏడాదికి కొన్ని షిఫ్టులు బండ్ల మీద, బండ్ల మీద పనిచేసేవారు కొన్ని షిఫ్టులు కంట్రోల్ రూంలో గడపాలి. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక వైర్‌లెస్ ఛానెల్ కేటాయించి, రోజూ షిఫ్టు మారేటప్పుడు దాని మీద ఒకరినొకరు పలకరించి పరీక్షించుకోవాలి. మాక్ డ్రిల్ అంటే ముందే చెప్పి, అతిథులను కూర్చోబెట్టి చేసే ప్రదర్శనగా మిగలకూడదు. ఎవరికీ చెప్పకుండా, చీకటిలో, వర్షంలో, సిబ్బంది తక్కువగా ఉన్న వేళ జరిపి, అందులో పోయిన నిమిషాలను నమోదు చేసి, తర్వాతి డ్రిల్‌లో అవే చోట్ల ఎంత తగ్గాయో సరిచూసుకోవాలి.