అముర్ డేగ కోసం

ఆశ్వయుజం చివర్లో వానలు తగ్గుముఖం పట్టాక, హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువు గట్టున మేం కొందరం తెల్లవారకముందే చేరి, ఎవరికి ఏ పిట్ట కనబడిందో చెప్పుకుంటాం. సూదితోక బాతులు, జొన్న చేల మీద వాలే గులాబీ గోరింకలు ఏటా పలకరించేవే. అందరం ఆరాటంగా ఎదురుచూసేది మాత్రం అముర్ డేగ కోసం. ఈశాన్య చైనా, తూర్పు రష్యా ప్రాంతాల్లో పిల్లలను పెంచి, నాగాలాండ్ మీదుగా మన దేశాన్ని, ఆపైన అరేబియా సముద్రాన్ని దాటి ఆఫ్రికా దక్షిణ భాగానికి చేరే ఈ పిట్ట మన పావురం కన్నా చిన్నది. మగది ఎగిరేటప్పుడు రెక్కల అడుగున తెలుపు మెరిస్తే ఇక సందేహం అక్కరలేదు. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వలల్లో వేలాదిగా చచ్చిన ఈ డేగలను మరుసటి ఏడాదే అక్కడి పల్లెవాసులు కాపాడుకున్నారని తలచుకుంటే నా కళ్లు చెమ్మగిల్లుతాయి. మొన్న ఒక మిత్రుడు, ఆడ డేగ తూనీగను గాలిలోనే పట్టి, ఎగురుతూనే కాళ్లతో నోటికి అందించుకోవడం చూశానన్నారు. ఫొటో లేకపోయినా చోటు, వేళ, ఎగిరిన దిక్కు రాసుకొచ్చారు కనుక నమ్మాను.