కొక్కేలు వాడరాదు

విశాఖ రేవులో పదకొండేళ్లు బియ్యం బస్తాలు లెక్కపెట్టాను. టాలీ పుస్తకంలో నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. కళాసీలు బస్తాకు కొక్కెం తగిలించి ఎత్తుతారు. కొక్కెం దిగిన చోట గుప్పెడు గింజలు జారిపోతాయి. 25,000 టన్నులు మోసే ఓడ దగ్గర ఆ గుప్పెడు ఎవరికి పట్టింది? షెడ్డు గేటు ముందు ఆ గింజలు ఊడ్చుకునే ఆడవాళ్లను అదిలించి పంపడం కూడా నా పనిలో భాగమే.

2017 ఫిబ్రవరిలో దక్షిణ సూడాన్‌లోని లీర్, మాయెన్‌డిట్ ప్రాంతాల్లో కరువు ప్రకటించారు. 2011లో స్వాతంత్ర్యం వచ్చిన ఆ దేశంలో అప్పటికి 2013 డిసెంబరు నుంచి అంతర్యుద్ధమే. ఆహారం పంచే ఒక సంస్థకు గోదాము లెక్కలు తెలిసిన మనిషి కావలసి వచ్చింది. నేను సరేనన్నాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పూర్ణా మార్కెట్‌కు వెళ్లి ఎండుమిర్చి, చింతపండు తెచ్చి పెట్టెలో సర్దింది. ముంబై, అడిస్ అబాబా మీదుగా ఆ దేశ రాజధాని జూబాలో దిగాను.

గోదాములో మొదట కంటపడింది సంచి మీది బొమ్మ. కొక్కెం, దాన్ని కొట్టేస్తూ ఒక గీత. కింద ఇంగ్లీషులో అదే మాట: కొక్కేలు వాడరాదు. సంచిలో ఉన్నవి జొన్నలు. అక్కడివాళ్లు వాటి పిండితో అసీదా వండుకుంటారు. తిని చూస్తే అచ్చం మన జొన్న సంకటే.

మే నెలలో వానలు మొదలయ్యాయంటే దారులుండవు. నేల మన నల్లరేగడి లాంటిదే. లారీ ఇరుసు దాకా దిగబడితే నెలల తరబడి అక్కడే. అందుకని విమానాల నుంచి సంచులు జారవిడుస్తారు. ఖర్చు లారీకంటే ఎన్నో రెట్లు. అదీ ప్రభుత్వం, తిరుగుబాటుదారులు ఇద్దరూ ఒప్పుకుంటేనే.

యూనిటీ ప్రాంతంలో ఒక ఊరికి హెలికాప్టరులో వెళ్లాం. పచ్చికబయలు మీద తెల్లటి గుడ్డలతో గుర్తు పరిచి, జనాన్ని దూరంగా నిలబెట్టాం. ఇల్యూషిన్ విమానం బాగా కిందికి వచ్చి ముక్కు పైకెత్తింది. తోక తెరుచుకుంది. తెల్లటి సంచులు వరసగా జారాయి. చప్పుడు కాసేపటికి వినిపించింది, దూరాన ఎవరో వడ్లు దంచుతున్నట్టు. ఒక్క విమానంలో సుమారు 30 టన్నులు, అంటే 50 కిలోల సంచులు 600. మా రేవులో అది లెక్కలోకి రాని సరుకు. ఆ ఊళ్లో దానికోసం కొందరు రెండు రోజులు మోకాటిలోతు నీళ్లలో నడిచి వచ్చారు.

చిట్లకూడదనే సంచులను ఒకదానిలో ఒకటి దూర్చి కడతారు, అయినా కొన్ని చిట్లాయి. సంచులన్నీ పేర్చి, లెక్క సరిచూసుకున్నాక ఆడవాళ్లను రానిచ్చాం. ఒకామె, మా అమ్మ వయసు ఉంటుంది, గడ్డి పరకలను వేళ్లతో విడదీస్తూ గింజ గింజా ఏరుతోంది. "మాలే" అన్నాను, వాళ్ల న్యూర్ భాషలో పలకరింపు. తలెత్తకుండానే "మాలే" అంది. పక్కన డబ్బాలో కలువ దుంపలున్నాయి. సైనికులు ఊరు తగలబెట్టి, పశువులను తోలుకుపోయాక, చిత్తడినేలల్లో దాక్కున్నన్నాళ్లూ అవే తిన్నారట. వాన కురిసే నేల, నిండుగా చేపలున్న ఏరు ఉన్న ఆ ఊరికి ఆకలిని తెచ్చింది మనుషులే. 2018 మే 24న భద్రతా మండలి 2417వ తీర్మానంలో ఆకలిని ఆయుధంగా వాడటాన్ని ఖండించింది. సంతోషించాను. కానీ దారికి అడ్డంగా తుపాకీ పట్టుకుని నిలబడినవాడు పక్కకు తప్పుకుంటేనే కదా ఆ సంచి ఆమె దాకా చేరేది.

సాయంత్రానికి ఆమె డబ్బాలో మన సోలెడు జొన్నలు పోగయ్యాయి. చిరిగిన సంచి కూడా అడిగి తీసుకుంది, గుడిసె కప్పుకు పనికొస్తుందని.

విశాఖ తిరిగొచ్చిన వారానికి కాన్వెంట్ జంక్షన్ దాటి రేవు రోడ్డులో వస్తున్నాను. ముందు లారీ నుంచి బియ్యం సన్నటి ధారగా కారుతున్నాయి. వెనకాల ఒకావిడ చీపురు, రేకుడబ్బాతో పరుగు. నన్ను గుర్తుపట్టి డబ్బా కొంగుచాటుకు లాక్కుంది. బండి ఆపి, వెనక వచ్చే లారీలకు అడ్డంగా నిలబడ్డాను.

"నెమ్మదిగా ఊడ్చుకోమ్మా" అన్నాను.