గుండు దూకిన దూరం: లెక్కకు అందని 42 శాతం శక్తి

ఎత్తు వల్ల ఉండే స్థితిజ శక్తి, కదలిక వల్ల ఉండే గతిజ శక్తి కలిపిన మొత్తం నష్టాలు లేకపోతే మారదనే యాంత్రిక శక్తి నిత్యత్వ నియమాన్ని బల్ల మీద కొలిచి చూడాలన్న కోరికతో మొదలుపెట్టిన ఈ ప్రయోగం నాలుగో వారానికి వచ్చింది. వైరింగుకు వాడే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీని మూత తీసి, వేడినీళ్లలో మెత్తబరచి, పైభాగం వాలుగా, కింది చివర బల్ల అంచు దగ్గర సమతలంగా ఉండేలా వంచి చెక్కకు అతికించాను. 16 మి.మీ. వ్యాసం గల స్టీలు గుండు పట్టీ రెండు అంచుల మీద ఆనుకుని దొర్లుతూ వచ్చి, 75 సెం.మీ. కింద నేల మీద పడుతుంది. నేల మీద తెల్లకాగితం, దానిపై కార్బన్ కాగితం పరిస్తే పడిన చోట నల్లటి చుక్క మిగులుతుంది. పట్టీ చివరి నుంచి బరువు కట్టిన దారం వేలాడదీసి, దాని కొన కింది చోటు నుంచి చుక్క దాకా కొలుస్తున్నాను. పట్టీ చివర గుండును కదలకుండా పెట్టినప్పుడు అది ఎటూ దొర్లకపోతేనే సమతలం కుదిరినట్టు.

స్థితిజ శక్తి అంతా ముందుకు సాగే గతిజ శక్తిగా మారితే, గుండు వెళ్లే దూరం వదిలిన ఎత్తు, పడిన ఎత్తుల లబ్ధపు వర్గమూలానికి రెట్టింపు ఉండాలి. గురుత్వ త్వరణం లెక్కలోంచి పూర్తిగా తొలగిపోవడం నాకు ఎంతో నచ్చిన సంగతి. 20 సెం.మీ. ఎత్తు నుంచి వదిలితే 77.5 సెం.మీ. రావాలి, పదిసార్ల సగటు 59.1 వచ్చింది. పది చుక్కలూ బొటనవేలి గోరంత చోటులోనే పడ్డాయి కనుక ఇది కొలతలో తప్పు కాదు. శక్తి దూరపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి లెక్కకు అందింది 58 శాతమే.

రెండో వారమంతా ఘర్షణనే అనుమానించాను. పట్టీని శుభ్రం చేసి నున్నగా రుద్దినా దూరం మారలేదు. 5, 10, 15 సెం.మీ. ఎత్తుల నుంచి వదిలితే 29.4, 41.8, 51.2 సెం.మీ. వచ్చాయి, అంటే ప్రతిసారీ తగ్గిన వంతు దాదాపు ఒక్కటే. అయితే వాలు మీద జారుడు ఘర్షణ వల్ల పోయే శక్తి కూడా ఎత్తుతో పాటే పెరుగుతుంది కనుక ఈ ఒక్క ఆధారంతో దాన్ని తోసిపుచ్చలేము. అదే వ్యాసం గల గాజు గోళీని వదిలాక అనుమానం తీరింది: ద్రవ్యరాశి వేరు, ఉపరితలం వేరు, అయినా చుక్కలు అదే చోట పడ్డాయి.

పోయిందనుకున్న శక్తి గుండు తిరగడంలో ఉంది. జారకుండా దొర్లే గుండు పట్టీని తాకే బిందువులు ఆ క్షణానికి నిశ్చలంగా ఉంటాయి కాబట్టి అక్కడి స్థైతిక ఘర్షణ (జారకుండా పట్టి ఉంచే ఘర్షణ) శక్తిని హరించదు. శక్తిలో ఒక వంతును భ్రమణంలోకి మళ్లిస్తుంది, అంతే. చదునైన పలక మీద దొర్లే ఘన గోళానికి ఆ వంతు ఏడింట రెండు. ఆ లెక్కన దూరం 65.5 సెం.మీ. రావాలి, ఇంకా 6 సెం.మీ. పైగా తేడా మిగిలింది. దీని దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. చివరికి వెర్నియర్ కాలిపర్స్‌తో పట్టీ అంచుల మధ్య ఖాళీని కొలిస్తే 10 మి.మీ. ఉంది. గుండు ఆ ఖాళీలోకి కొంత దిగి కూర్చుంటుంది కనుక అది దొర్లే వ్యాసార్ధం 8 మి.మీ. కాదు, సుమారు 6.2 మి.మీ. మాత్రమే. అదే వేగానికి మరింత వడిగా తిరగాలి, భ్రమణం వాటా 39.6 శాతానికి చేరుతుంది. కొత్త అంచనా 60.2 సెం.మీ.

ఈ వారం గుండు మీద తెల్లరంగు చుక్క పెట్టి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో వీడియో తీశాను. అంచు దాటి నేలను తాకేలోపు 94 ఫ్రేముల్లో చుక్క 15 సార్లు తిరిగి వచ్చింది. చదును పలక మీద నుంచి ఇదే వేగంతో వస్తే 12 చుట్లే ఉండేవి. ఆ లెక్కన భ్రమణ గతిజ శక్తి 38 శాతం. ముందుకు సాగే 58 శాతంతో కలిపితే 96 శాతం లెక్కకు వచ్చింది.

మిగిలిన 4 శాతంలో చెక్క కంపనం వాటా ఎంతో చూడడానికి వచ్చే వారం చెక్కను బల్లకు క్లాంపులతో బిగించి, ఇదే 20 సెం.మీ. ఎత్తు నుంచి మళ్లీ పదిసార్లు వదులుతాను.