బ్రేకర్ ఎప్పుడు పడుతోంది?

ఒకే కస్టమర్ దగ్గరికి రెండోసారి వెళ్లడమంటే నాకు తప్పిన పరీక్షకి సప్లిమెంటరీ రాయడానికి వెళ్తున్నట్టే ఉంటుంది. మూడు రోజుల క్రితం ఒక పెద్దాయన మోటార్‌హోమ్‌లో, అంటే ఇల్లులా వాడుకునే బండిలో, ఏసీకి కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే భాగం) మార్చి, ఇక బెంగ లేదని చెప్పి వచ్చాను. పొద్దున్నే ఫోన్. మళ్లీ బ్రేకర్ పడిపోయి (ట్రిప్ అయి) ఏసీ ఆగిపోతోందట.

నేను అమెరికా వచ్చింది మా ఆవిడ వెనకాల, హెచ్4 డిపెండెంట్ వీసా మీద. హెచ్4 వాళ్లలో కొందరికి 2015 నుంచి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. నాది చేతికి రాగానే అందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేయమన్నారు. నేను చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా. అరిజోనాలో వ్యాన్ వేసుకుని తిరుగుతూ మోటార్‌హోమ్‌లు బాగుచేసే ఒకాయన దగ్గర చేరిపోయాను. కొత్తగా కలిసిన తెలుగువాళ్లు "మీరు దేని మీద పనిచేస్తున్నారు?" అని అడిగితే "ఏసీల మీద" అంటాను. మోటార్‌హోమ్‌కి ఏసీ కప్పు మీద ఉంటుంది కాబట్టి అది పూర్తిగా నిజం.

చలికాలంలో ఇక్కడి క్యాంపు మైదానాలు చల్లటి రాష్ట్రాల నుంచి వచ్చిన రిటైరైనవాళ్లతో నిండిపోతాయి. ఎండలు ముదిరేలోపు చాలామంది వెళ్లిపోతారు. జులైలో మిగిలేవాళ్లలో చాలామందికి ఆ బండి తప్ప వేరే ఇల్లుండదు. బయట 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43. ఏసీ ఆగితే వాళ్లు ఇంట్లో ఉండలేరు. అందుకే ఆ ఫోన్ వచ్చినప్పుడు నాకు సిగ్గుకంటే టెన్షన్ ఎక్కువైంది.

వ్యాన్‌లో మా బాసు ఒకే ప్రశ్న వేశాడు. "బ్రేకర్ ఎప్పుడు పడుతోందన్నాడు?" నా దగ్గర జవాబు లేదు. మొదటిసారి నేను అడగలేదు మరి. అసలు కారణం చెప్పాలంటే, నాకు మనుషుల యాసకంటే మోటారు శబ్దం త్వరగా అర్థమవుతుంది. కస్టమర్‌తో మాట్లాడాల్సి వస్తుందని గబగబా నిచ్చెనెక్కేశాను. పైన మూత తీయగానే ఉబ్బిపోయిన కెపాసిటర్ కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. అది పాడైన మాట నిజమే. కానీ అసలు జబ్బు అది కాదు.

దారి పొడుగునా ఆయన పాఠం చెబుతూనే ఉన్నాడు. స్విచ్ వేసిన మరుక్షణం పడితే ఎక్కడో షార్ట్ ఉందనో, కంప్రెసర్ మోటారు తీగ చుట్లు (వైండింగ్) బాడీకి తగిలాయనో అనుమానించాలి. కొన్ని సెకన్లు గుంయ్‌మని మూలిగి పడితే కంప్రెసర్ తిరగలేకపోతోందని అర్థం. కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వల్ల వోల్టేజీ పడిపోయి ఉండొచ్చు, లేదా ఏసీ ఆపిన వెంటనే మళ్లీ వేసి ఉండొచ్చు. లోపల గ్యాస్ ఒత్తిడి దిగడానికి నాలుగైదు నిమిషాలు ఆగాలి, చాలామంది ఆగరు. అరగంటో గంటో నడిచి పడితే మాత్రం వేడి సంగతి చూడాలి. ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే కెపాసిటర్ దగ్గర ఆగిపోయేవాణ్ని కాదు.

ఈసారి నిచ్చెన వ్యాన్‌లోనే వదిలేసి, లోపల కూర్చుని అడిగాను. పెద్దాయన సొరుగులోంచి ఒక చిన్న నోట్‌బుక్ తీశాడు. తేదీ, టైము, బయట వేడి. అన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకీ ఐదింటికీ మధ్యే, రాత్రి ఒక్కసారి కూడా లేదు. "మొన్న కూడా ఇది ఉంది, నువ్వు అడగలేదు" అన్నాడు. మాకు ముందు వచ్చినవాళ్లు రెండుసార్లు కొత్త బ్రేకర్ వేశారట. ఒక్కోటి వారం పనిచేసిందట.

బండికి బయట నుంచి వచ్చేది 30 ఆంప్స్ కనెక్షన్, 120 వోల్టులు, మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా వాటర్ హీటరూ మైక్రోవేవూ వేస్తే మొత్తం బండికి ఉన్న మెయిన్ బ్రేకర్ పడుతుంది. ఇక్కడ పడుతున్నది ఏసీకి మాత్రమే ఉన్న 20 ఆంప్స్ బ్రేకర్. అంటే ఏసీని, దాని వైరును, ఆ బ్రేకర్‌ను చూస్తే చాలు.

వోల్టేజీ చూశాను. బయట స్తంభం దగ్గర 117, ఏసీ నడుస్తుంటే పైన 112. పర్వాలేదు. 104 కన్నా దిగితే భయపడాలి. తర్వాత క్లాంప్ మీటర్, వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది. దాన్ని ఒక్క వైరుకే తగిలించాలి. రెండు వైర్లనూ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. చేరిన కొత్తలో ఆ సున్నా చూసి, కరెంటే రావట్లేదని బాసుకి చెప్పిన ఘనత నాది. పది గంటలకి 14 ఆంప్స్ లాగుతోంది. రెండింటికి 17 దాటింది. అయినా 20 కాదు కదా, మరెందుకు పడాలి?

బ్రేకర్ మీద వేలు పెడితే చురుక్కుమంది. బయట ప్లగ్గు పీకేసి, మీటర్‌తో చూసుకుని, ప్యానెల్ విప్పాను. బ్రేకర్ కొత్తదే. దాని స్క్రూ కింద ఉన్న వైరు కొస మాత్రం నల్లగా మాడి పెళుసెక్కింది. రెండుసార్లు వచ్చి బ్రేకర్లు మార్చారు, అదే మాడిన కొసను మళ్లీ కొత్త స్క్రూ కింద బిగించి వెళ్లారు. ఆ లూజ్ కాంటాక్ట్ దగ్గర వేడి పుడుతోంది. బ్రేకర్ లోపల వేడికి వంగే లోహపు పట్టీ ఉంటుంది. ఆ వేడి ఎక్కువ కరెంటు వల్ల వచ్చిందా, స్క్రూ నుంచి పాకిందా అన్నది దానికి పట్టదు. పైగా ఆ బ్రేకర్ల లెక్క 40 డిగ్రీల సెల్సియస్‌కి కట్టినది. మంచం పక్కన మూసి ఉంచిన ఆ ప్యానెల్ అర మధ్యాహ్నం పూట అంతకన్నా వేడిగా ఉంది. రాత్రిళ్లు ఎందుకు పడలేదో అప్పుడు అర్థమైంది.

మరి 14 ఆంప్స్ 17 ఎందుకైంది? దానికి కప్పెక్కక తప్పలేదు. తెల్ల రబ్బరు కప్పు, మోకాళ్ల కింద అట్టముక్క వేసుకుంటే గానీ కూర్చోలేం. ఇక్కడి దుమ్ము తుఫానుల మట్టంతా కండెన్సర్ కాయిల్ రెక్కల మధ్య గట్టిపడి ఉంది. గాలి ఆడకపోతే వేడి బయటికి పోదు, ఒత్తిడి పెరిగి కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. మొన్న కెపాసిటర్ చూసిన సంతోషంలో ఇది నా కళ్లముందే ఉన్నా కనపడలేదు. మెత్తటి బ్రష్షు, సన్నటి నీళ్లధారతో గంట పట్టింది. వంగిన రెక్కలు దువ్వెన లాంటి పనిముట్టుతో సరిచేశాను.

కింద మాడిన కొసను మంచి రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్త 20 ఆంప్స్ బ్రేకర్ వేస్తుంటే పెద్దాయన అడిగాడు, 30ది వేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని. దాదాపు అందరూ అడుగుతారు. గోడలో ఉన్నది 12 గేజ్ వైరు, 20 ఆంప్స్‌కి సరిపోయే మందం. బ్రేకర్ ఉన్నది ఆ వైరును కాపాడటానికి, ఏసీని కాదు. 30 వేస్తే, బ్రేకర్ పడేలోపు గోడలో వైరు మాడుతుందని చెప్పాను. నా ఇంగ్లిష్ ఆయనకి అర్థమైందో, చేతులతో చూపించిన మంట అర్థమైందో తెలీదు గానీ మళ్లీ అడగలేదు.

ఐదింటి వరకూ అక్కడే కూర్చున్నాం. మీటర్ 15 దగ్గర నిలబడింది. బాసు కునుకు తీశాడు. పెద్దాయన నోట్‌బుక్ తెరిచాడు. మూడు రోజుల కిందటి తేదీ పక్కన "కెపాసిటర్ కుర్రాడు వచ్చాడు" అని ఉంది. కళ్లజోడు సవరించుకుని నా పేరు అడిగాడు. ఒక్కో అక్షరం చొప్పున మూడుసార్లు చెప్పాను. ఓపిగ్గా రాసుకుని, దాని పక్కన "ఈరోజు పడలేదు" అని రాశాడు.