హాఫ్ టైమ్‌కి 0-3

నిన్న పొద్దున విజయవాడలో మా పిల్లలకి గుంటూరు టీమ్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్. హాఫ్ టైమ్‌కి 0-3. మా గోల్‌కీపర్ కుర్రాడు షూ లేసు కట్టుకుంటున్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు. ముడి ఎప్పుడో పడింది, వేళ్ళు మాత్రం ఆగట్లేదు.

నాకు ఇటలీ కోచ్ క్లాడియో రనియేరి గుర్తొచ్చాడు. 2016లో లెస్టర్ అనే ఇంగ్లండ్ క్లబ్‌ని ఛాంపియన్ చేసిన పెద్దాయన. టీమ్ కిందికి జారుతోందని తొమ్మిది నెలలకే అదే క్లబ్ ఆయన్ని తీసేసింది. నా మనసులో నిలిచింది మాత్రం ఆ తర్వాతి కథ. 2023 జనవరిలో, డెబ్భై దాటాక, ఇటలీ రెండో డివిజన్‌లో ఉన్న కాలియారి క్లబ్‌కి తిరిగొచ్చాడు. జూన్‌లో బారి ఊళ్ళో ఆఖరి క్షణాల గోల్‌తో టీమ్‌ని మొదటి డివిజన్‌కి తెచ్చాడు. ఏడుస్తూనే, ఓడినవాళ్ళని గేలి చెయ్యొద్దని తమ అభిమానులకి చేతులూపి చెప్పాడు. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూశానో!

పైకొచ్చాక తొమ్మిది మ్యాచులాడినా ఒక్క గెలుపు లేదు. పదో మ్యాచ్‌లో ఫ్రొసినోనె మీద 0-3 నుంచి 4-3. ఇంజురీ టైమ్‌లో వాళ్ళ స్ట్రైకర్ పావొలెత్తి రెండు కొట్టాడు. 2024 మేలో సస్సువోలో మీద 2-0తో గెలిచి, మళ్ళీ కింది డివిజన్‌కి పడిపోకుండా తప్పించుకున్నారు.

పిల్లలకి ఇదంతా చెప్పే టైమెక్కడిది? "ముందు ఒక్క గోల్ కొట్టండ్రా" అన్నానంతే. రెండు కొట్టారు. 2-3తో ఓడిపోయాం.

గ్లవ్స్ తిరిగిస్తూ ఆ కుర్రాడు అడిగాడు, "వచ్చే ఆదివారం కూడా నేనేనా సార్?"

"నువ్వేరా. గ్లవ్స్ నీ దగ్గరే ఉంచుకో."