వాసనే ముందు చెప్పింది

బత్తాయి తోటలో సర్కారు తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకొని మడమలో దిగింది. పీకి పారేసిన. కొస లోపలే విరిగిందని తెల్వలే. పదేండ్ల షుగర్ కాలికి నొప్పి సరిగ్గా తెలియదు. రంధ్రంలో పసుపూ సున్నమూ కూరి, మీద ప్లాస్టర్ అంటించిన. గాలి సోకితే బతకని బ్యాక్టీరియాకు చేతులారా మూత పెట్టిన. ల్యాబులో ఇరవై ఏండ్లు స్లైడ్లు చూసినోడు చేసిన పని ఇది!

ఐదో రోజు, జ్వరం కంటే ముందు వాసన మొదలైంది. చచ్చిన ఎలుక కంపు. ఊళ్లో మూడు రోజులు అమికాసిన్ అనే యాంటీబయాటిక్ సూదులు వేయించుకున్న, గుణం లేదు. ఆ మందు బ్యాక్టీరియా లోపలికి పోవాలంటే ఆక్సిజన్ కావాలె. ఆక్సిజన్ లేని చోట బతికేవాటిని అదేం చేస్తది?

నల్లగొండ దవాఖానకు పోయేసరికి షుగర్ 340. సర్జన్ ముందుగా పుండు చుట్టూ ఒత్తి చూసిన్రు. చర్మం కింద అప్పడం నలిగినట్టు పటపటమంటే గ్యాస్ చేరినట్టే, ఇగ గంటల లెక్క. నాకు లేదు. ముల్లు ఎక్స్‌రేలో కనబడలే, అల్ట్రాసౌండ్‌లో దొరికింది.

దూదిపుల్లతో తీసిన చీములో ఏమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. అదే చీమును స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే మాత్రం బ్యాక్టీరియా గుంపులు గుంపులు! స్లైడు నిండుగా, బ్యాక్టీరియాను పెంచే ప్లేటు ఖాళీగా ఉన్నయంటే అనుమానం గాలి గిట్టనివాటి మీదికే పోవాలె. రెండోసారి సిరంజితో లాగి, గాలి బుడగ బయటికి నెట్టి, సూది తీసి మూత బిగించి వెంటనే పంపిన్రు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఇట్లాంటివాటిని పెంచే గాలి లేని జార్‌ను 48 గంటల లోపు తెరిస్తే పెరిగేవి కూడా ఆగుతయి. ఐదో రోజు బాక్టీరాయిడ్స్ అనే గాలి గిట్టని బ్యాక్టీరియా అని తేలింది.

రిపోర్టు కోసం ఆగకుండా అప్పటికే కోసిన్రు. చీముగడ్డ లోపలికి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందూ సరిగ్గా పోదు. 15 మి.లీ. చీము, అగ్గిపుల్ల తలంత ముల్లు ముక్క బయటపడ్డయి. కుట్లు వేయలే. టెటనస్ సూది, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, గాలి గిట్టనివాటిని చంపే మెట్రోనిడజోల్ సెలైన్ ఎనిమిది గంటలకోసారి 500 మి.గ్రా., నాలుగు రోజులకు 400 గోలీ, రోజుకు మూడు, ఇంకో పది రోజులు. నోరంతా రాగిచెంబు నాకినట్టు, మూత్రం ముదురు రంగు. గోలీలు ఆపినంక కూడా మూడు రోజులు కల్లు ముట్టొద్దన్నరు.

కట్టు దగ్గరే మళ్లీ తప్పు జరిగింది. లోపలిదాకా పోవాలెనని కోడలు పుండులో పెట్టే గాజుగుడ్డను గట్టిగా కుక్కింది. చీము లోపలే నిలిచి, పన్నెండో రోజు మళ్లీ అదే వాసన. "గట్టిగా కుక్కితే బిరడా పెట్టినట్టేనమ్మా, వదులుగా దూర్చాలె" అని సర్జన్ వేలితో మళ్లీ తెరిచిన్రు. అప్పటి నుంచి సెలైన్‌తో కడిగి, తడి గాజుగుడ్డ వదులుగా, రోజూ. పుండు అడుగు నుంచి ఎర్రగా, గింజలు గింజలుగా నిండుకుంటూ పైకి రావాలె. పైన ముందు మూసుకుంటే అది మానుడు కాదు.

మడమ మీద బరువు పెట్టకుండా ఏడు వారాలు. ఇప్పుడు బూటులో చెయ్యి పెట్టి తడిమి చూసి తొడుగుతున్న. ప్లాస్టర్ డబ్బా మాత్రం కోడలు ఎక్కడ దాచిందో చెప్తలేదు.