అమ్మ కాళ్ళు, జీ25.81

డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో మెడికల్ కోడర్‌ని. డాక్టరు రాసిన నోట్ చదివి, జబ్బులకి నంబర్లిచ్చే ఐసీడీ పట్టిక నుంచి కోడ్ వేయడం నా పని. కాళ్ళని ఊరికే ఉండనివ్వని జబ్బు, రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కి అమీర్‌పేట కోచింగ్‌లో నేర్చుకున్న కోడ్ 333.94. ఇక్కడ 2015 అక్టోబరు 1న ఆ పట్టిక కొత్త కూర్పు ఐసీడీ-10 అమల్లోకి వచ్చాక అది జీ25.81 అయింది. అంకెలు మార్చుకున్నానే తప్ప ఆ జబ్బు మా ఇంట్లోనే ఉందని తెలుసుకోలేదు.

నా చిన్నప్పటి నుంచీ అమ్మకి పడుకోగానే కాళ్ళు పీకేవి. నన్నూ తమ్ముణ్ణీ తొక్కమనేది. మేం నిద్రపోయాక పాత చీర పీలికతో పిక్కలు బిగించి కట్టుకునేది. అదీ చాలకపోతే వసారాలో తిరిగేది. "పగలంతా నిలబడి చేస్తే పీకవా మరి" అనేది నాన్నమ్మ.

పోయినేడు అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు డాక్టరుకి చూపించాను. అమ్మ "పీకుతున్నాయి" అంది. నేను దాన్ని నొప్పి అని చెప్పాను. నోట్‌లో నొప్పే పడింది. రెండు కాళ్ళకీ నొప్పి కోడ్లు, ఎం79.604, ఎం79.605. నొప్పి మాత్ర రాసి పంపారు.

ఆ రాత్రి హాల్లో అడుగుల చప్పుడైతే లేచాను.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"నొప్పి కాదే. లోపల చీమలు పాకినట్టుంటుంది. కదపకుండా ఉండలేను. తిరిగితే తగ్గుద్ది, పడుకుంటే మళ్ళీ మొదలు. పగలు ఇంత ఉండదు."

కదపాలనే తపన, ఊరికే ఉంటే ఎక్కువవడం, కదిలిస్తే తగ్గడం, రాత్రి పెరగడం. ఈ జబ్బుని గుర్తుపట్టడానికి డాక్టర్లు చూసేవి ఇవే. అన్నీ అమ్మ నోట వచ్చాయి. వాటిని నొప్పి చేసింది నేను. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది.

మళ్ళీ తీసుకెళ్ళి, ఈసారి అమ్మ మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేస్తే తక్కువగా వచ్చింది. ఒంట్లో ఇనుము తగ్గితే ఈ జబ్బు ముదురుతుంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక, కొన్ని వారాలకి అమ్మ తెల్లవార్లూ తిరగడం తగ్గింది.

జీ25.81 కదలికల లోపాల వరుసలో ఉంది. తర్వాతి కూర్పు ఐసీడీ-11లో మాత్రం 7ఏ80 కోడ్‌తో నిద్ర జబ్బుల అధ్యాయంలో పెట్టారు. అమ్మ ఇన్నేళ్ళూ పోగొట్టుకున్నది నిద్రే కాబట్టి నాకదే సరైన చోటనిపిస్తుంది.

ఔట్‌పేషెంట్ నోట్‌లో డాక్టరు "అనుమానం" అని రాస్తే జబ్బు కోడ్ వేయకూడదు, లక్షణం కోడే వేయాలి. ఆ నియమం నేను దాటలేను. కానీ కాళ్ళ నొప్పి అన్న నోట్‌లో "రాత్రి ఎక్కువ, నడిస్తే ఉపశమనం" అని కనబడితే ఇప్పుడు పక్కన పెట్టి డాక్టరుకి క్వెరీ, అంటే వివరణ అడిగే ప్రశ్న, పంపుతున్నాను. అందులో డాక్టరుని ఫలానా జబ్బు వైపు నేను నడిపించకూడదు. వాళ్ళు రాసిన ఆ మాటలే ఎత్తి చూపి, ఇది దేనివల్లో స్పష్టం చేయమని అడుగుతాను.